కొబ్బరికాయ కొట్టినోళ్లే లెక్క చెప్పాలె

2025 నవంబర్ 3 పొద్దున చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును ఢీకొట్టింది. 19 మంది చనిపోయారు. ఆ బస్సు తాండూరు నుంచి పట్నం వస్తున్నది. అందులో చదువులకు వస్తున్న విద్యార్థులున్నారు, కొలువులకు వస్తున్న ఉద్యోగులున్నారు. కంకర మీద పడి, దాని కింద ఊపిరాడక ప్రాణాలు విడిచినవాళ్లున్నారు. ఆ రోడ్డు 163వ నంబరు జాతీయ రహదారి. పేరుకే జాతీయం. అక్కడ అది రెండు వరుసల ఇరుకు దారి, నడుమ డివైడర్ లేదు. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా దాదాపు 46 కిలోమీటర్లు నాలుగు వరుసలు చేస్తామని 2022లోనే శంకుస్థాపన చేశారు. మూడేండ్లు గడిచినా రోడ్డు వెడల్పు కాలేదు.

టిప్పర్ వేగం ఎంత, లోడు ఎంత, తప్పు ఎవరిది అన్న విచారణ ఒక పక్క జరగవలసిందే. కానీ డివైడర్ ఉన్న రోడ్డు మీద రెండు బండ్లు ఎదురెదురుగా తలపడే ప్రమాదం చాలావరకు తప్పుతుంది. రోడ్డు ఇంజనీరింగ్‌లో ఇది మొదటి పాఠం. ఆ పాఠం తెలిసిన ప్రభుత్వాలే పనిని పక్కన పెట్టి కూర్చున్నాయి.

ఎందుకు ఆగిందంటే మర్రిచెట్ల పేరు చెపుతారు. ఆ దారికి రెండు దిక్కులా దాదాపు తొమ్మిది వందల పాత మర్రిచెట్లున్నాయి. వాటిని కొట్టొద్దని ప్రకృతి ప్రేమికులు జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు పోయారు. స్టే వచ్చింది. ప్రమాదం జరగగానే కొందరు నాయకులు నేరం చెట్ల మీదికి, చెట్లను కాపాడమన్నవాళ్ల మీదికి నెట్టారు. ఇది అన్యాయం. 2025 అక్టోబర్ చివర్లో ట్రిబ్యునల్ స్టే ఎత్తేసింది. ఎట్లా ఎత్తేసింది? రోడ్డు గీతను కొంచెం జరిపి, ఎక్కువ చెట్లను ఉన్నచోటనే ఉంచి, మిగిలినవాటిని వేరేచోట నాటుతామని కొత్త ప్లాన్ ఇస్తేనే ఎత్తేసింది. అంటే చెట్టూ నిలబడుతుంది, రోడ్డూ వెడల్పు అవుతుంది. 2025లో గీయగలిగిన గీతను 2022లో ఎందుకు గీయలేదు? ఆ మర్రిచెట్లు రాత్రికి రాత్రి మొలిచినవి కావు గదా! సర్వే చేసినప్పుడు కనబడలేదా? మీర్జాగూడ తల్లిదండ్రులకు జవాబు చెప్పవలసింది ఈ ప్రశ్నకే.

అదే 163 మీద పట్నం దాటి వరంగల్ దిక్కు పోదాం. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఆరు కిలోమీటర్ల పై చిలుకు ఎలివేటెడ్ కారిడార్‌కు 2018లో శంకుస్థాపన జరిగింది. రెండేండ్లల్ల, అంటే 2020కల్లా పూర్తి కావాలె. 2025 చివరికి కూడా అది పూర్తి కాలేదు. నడుమ రోడ్డులో స్తంభాలు లేచినయి, పనులు ఆగినయి. కింద రోడ్డు ఇరుకైంది, వాన పడితే గుంతల చెరువైంది, ఎండ కొడితే దుమ్ము. బోడుప్పల్, మేడిపల్లి కాలనీల నుంచి ఆఫీసులకు పోయే ఉద్యోగి, ఘట్‌కేసర్ దిక్కు ఇంజనీరింగ్ కాలేజీలకు పోయే విద్యార్థి ఆ ఆరు కిలోమీటర్లకు పెట్టే టైముకు లెక్కే లేదు. దుకాణాలు మూసుకున్నవాళ్లున్నారు. 2023 మార్చిలో ఆ స్తంభాల మీదనే పోస్టర్లు వెలిసి, ఇంకా ఎన్నేండ్లు అని అడిగినయి. ఆ ప్రశ్న ఇంకా స్తంభం మీదనే ఉన్నది.

అంబర్‌పేటలో ఫ్లైఓవర్‌కు కూడా 2018లోనే శంకుస్థాపన జరిగింది. ఒకటిన్నర కిలోమీటరు పొడవు. దాని మీద బండ్లు నడిచింది 2025 ఫిబ్రవరిలో. కేంద్రమంత్రి గడ్కరీ వచ్చి అధికారికంగా ప్రారంభించింది అదే ఏడు మే 5న. ఒకటిన్నర కిలోమీటరుకు ఏడేండ్లు! దీన్ని ప్రగతి అనుకుంటే నత్తకు సన్మానం చేయాలె.

వంతెనల సంగతి ఇంతకన్నా మెరుగ్గా లేదు. భద్రాచలం దగ్గర గోదావరి మీద మొదటి వంతెనకు 1959లో పునాది పడితే 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించారు. ఈనాటి యంత్రాలు అప్పుడు లేవు, ఆరేండ్లల్ల కట్టారు. దాని పక్కన రెండో వంతెన 2015లో మొదలై, 2024 ఏప్రిల్‌లో గానీ బండ్లకు అందలేదు. ఈ నడుమ 2022 జులైలో గోదావరి 71.3 అడుగులకు పొంగినప్పుడు పాత వంతెన మీద రాకపోకలు ఆపేయాల్సి వచ్చింది. కొత్త వంతెన పూర్తి కాక నిలబడి చూసింది. మానేరు మీద ఓడేడు దగ్గర 2016లో మొదలుపెట్టిన వంతెన సంగతి ఇంకా అన్యాయం. 2024 ఏప్రిల్‌లో ఒక రాత్రి వీచిన గాలికి దాని గడ్డర్లు కూలినయి. ఎవరి ప్రాణాలూ పోలేదు, అదే నయం.

పెద్ద పనులకు టైం పడుతుందని అధికారులు అంటారు. నిజమే. భూమి సేకరించాలె, కరెంటు స్తంభాలు, మంచినీళ్ల పైపులు జరపాలె, అటవీ అనుమతులు రావాలె, కాంట్రాక్టరు దగ్గర పైసలుండాలె. ఇవన్నీ పని మొదలయ్యాక తెలిసే రహస్యాలా? కాంట్రాక్టును బట్టి 80 శాతమో 90 శాతమో భూమి చేతికి వచ్చినాకనే పని మొదలుపెట్టాలన్న నియమం జాతీయ రహదారుల కాంట్రాక్టుల్లోనే ఉన్నది. ఆ నియమం కాగితం దాటకపోవడమే జబ్బు. ఎన్నికల ముందు శిలాఫలకం కావాలె గనుక శంకుస్థాపన ముందు, భూసేకరణ వెనుక. ఇదే 163 మీద యాదగిరిగుట్ట నుంచి వరంగల్ దాకా నాలుగు వరుసల రోడ్డు ఈ నేల మీదనే పూర్తయింది. అక్కడ చేతనైన పని ఉప్పల్‌లో ఎందుకు చేతకాలేదు?

ఒక మాట సూటిగా చెప్పుకోవాలె. ఇవన్నీ 2014 తర్వాత మొదలైన పనులు. ఆంధ్ర పాలకులు మన పైసలు తరలించుకపోయారని చెప్పి తప్పించుకునే వీలు ఎవరికీ లేదు. ఢిల్లీలో బీజేపీ, హైదరాబాద్‌లో 2023 డిసెంబర్ దాకా బీఆర్ఎస్, ఆ తర్వాత కాంగ్రెస్. భూమి ఇయ్యలేదని కేంద్రం రాష్ట్రాన్ని అంటది, పైసలు, టెండరు మీ చేతిలో ఉన్నయి గదా అని రాష్ట్రం కేంద్రాన్ని అంటది. ఈ ఇద్దరి నడుమ నలుగుతున్నది బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడే మనిషి. రాష్ట్రం తెచ్చుకున్నది పాలకుల పేర్లు మార్చుకోవడానికి కాదు. అడిగితే జవాబు చెప్పే పాలన కోసం.

అందుకే అడుగుతున్నాం. ప్రతి రోడ్డు పని దగ్గర, ప్రతి వంతెన దగ్గర పెద్ద బోర్డు పెట్టాలె. మొదలైన తేదీ, ముగియవలసిన తేదీ, ఖర్చు, కాంట్రాక్టరు, ఎంత శాతం అయింది, ఎందుకు ఆగింది, ఆపింది ఎవరు — ఇవన్నీ నెలనెలా మార్చి రాయాలె. వెడల్పు పూర్తయ్యేదాకా ఆ రోడ్డు మీద గుంతలు పూడ్చి, మలుపుల కాడ తాత్కాలిక డివైడర్లు, లైట్లు పెట్టాలె. ఓవర్‌లోడ్ టిప్పర్లను పగలు రాత్రి తేడా లేకుండా ఆపాలె. భూమి చేతికి రాకుండా శంకుస్థాపన చేసే పద్ధతి మానాలె.

పాలకులు అడగకుండా ఇచ్చింది ఏదీ లేదు, ఇది మన అనుభవమే. విద్యార్థులారా, ఉద్యోగులారా! సమాచార హక్కు చట్టం 2005 నుంచి మన చేతిలో ఉన్నది. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు. మీరు రోజూ పోయే రోడ్డు మీద ఏ పని ఎందుకు ఆగిందో ఒక్కో కాలేజీ నుంచి, ఒక్కో ఆఫీసు యూనియన్ నుంచి ఒక్కో దరఖాస్తు పెట్టండి. వచ్చిన జవాబును ఊరి నడిబొడ్డున అంటించండి. కొబ్బరికాయ కొట్టిన ఫొటోలు వాళ్ల దగ్గర ఉన్నయి. తేదీలు మన దగ్గర ఉండాలె. వచ్చే ఎన్నికల్లో ఓటు అడగడానికి ఇదే రోడ్డు మీద రావలసినవాళ్లు గనుక, ఆ గుంతలో నిలబెట్టే లెక్క అడుగుదాం.