నూజివీడు రైలుస్టేషను - మన మామిడి

మన మామిడికి దూరదేశములందు పేరు తెచ్చినది నూజివీడు. ఆ పేరుతోనే రైలుస్టేషను నొకటి యున్నది. కాని యది నూజివీడున లేదు. ఊరికి సుమారు 20 కిలోమీటర్ల దూరమున, హనుమాన్ జంక్షను చెంత, బెజవాడ-ఏలూరు మార్గముపై నున్నది. 1893-96 సంవత్సరముల నడుమ బెజవాడనుండి కటకమువఱకు ఈస్టు కోస్టు రైల్వే వేయబడిన నాటినుండియు మన మెట్ట తోటల రైతునకు రైలనగా బండి కట్టుకొని పోవలసిన వస్తువే. నేడు ఎడ్లబండికి బదులు ట్రాక్టరు వచ్చినది. దూరము మాత్ర మట్లే యున్నది.

2023 ఆగస్టు 6వ తేదీన అమృత భారత పథకము క్రింద దేశమున 508 స్టేషనుల పునర్నిర్మాణమునకు ఒక్కనాడే శంకుస్థాపన జరిగినది. పొరుగున నున్న ఏలూరును ఆ పథకమున చేరినది. మన స్టేషనునకును గొప్ప ముఖద్వారము, కదలుమెట్లు కావలెనని కొందఱు కోరుచున్నారు. మేము కాదనము. వృద్ధులును, 2008లో నూజివీడున నెలకొన్న ట్రిపుల్ ఐటీ విద్యార్థులును సుఖపడుట మంచిదే. అయినను ముందు కావలసినది ముఖద్వారము కాదని మా యభిప్రాయము.

కాయ కోసిన నాటినుండి రైతు చేతిలో నుండు గడువు కొద్దిదినములు. అందును వైశాఖ జ్యేష్ఠముల యెండ! చిన్నరసము, పెద్దరసము దూరప్రయాణమున కోర్వవు. ఢిల్లీలో సఫేదా యని పిలువబడు మన బంగినపల్లి ఓర్చును. ఇపుడది తోటనుండి లారీలో నున్న మార్కెటునకు చేరి, అచ్చటనుండి వేఱొక లారీలో ఉత్తరదేశమునకు పోవుచున్నది. రైలుకు పంపవలెనన్నచో తోటలో నెత్తవలెను, స్టేషనులో దింపవలెను, పెట్టెలో నెక్కింపవలెను, ఢిల్లీలో దింపి మఱల బండి కెత్తవలెను. ఒక్కొక్క చేయి మాఱినపుడెల్ల కాయ కొంత నలుగును. సొన కారిన చోట మచ్చ పడును. మచ్చకు ధర తెగును. కావున రైలుకిరాయి తక్కువయని చెప్పినంతమాత్రమున రైతు రైలునొద్దకు రాడు. రాకపోవుట తెలివితక్కువయు కాదు.

ఈ చిక్కు తీరుటకు వలయునది పెట్టెవాకిలికి సరియైన యెత్తున కప్పుగల గద్దె, తూనిక, రాత్రివేళ దీపములు, త్రాగునీరు. మన స్టేషనున నిలుచు బండ్లు ఒకటి రెండు నిమిషములే నిలుచును. ఆ వ్యవధిలో వంద బుట్ట లెక్కించుట మానవులకు సాధ్యము కాదు. కావున కాపుకాలమున ముందుగా నింపియుంచి బండికి తగిలించు పార్సెలు పెట్టె కావలెను. ఇక నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరులనుండి బండ్లవేళకు బస్సులు నడుపుట కాసు ఖర్చులేని పని; కాలపట్టికలు రెండింటిని ఒక బల్లపై బెట్టి చూచువారు కావలెనంతే.

అనంతపురము సంగతి చూడుడు. 2020 ఆగస్టు 7న దేవలాలీనుండి దానాపూరునకు మొదటి కిసాన్ రైలు నడువగా, సెప్టెంబరులోనే అనంతపురపు పండ్లతో ఢిల్లీకి రైలు బయలుదేఱినది. ఆ యక్టోబరునుండి కొంతకాలము ప్రభుత్వము పండ్ల కిరాయిలో సగము భరించినది. సబ్సిడీ వచ్చును, పోవును. రైలు నింపుటకు చాలినంత సరకు ఒక్కదినమున ఒక్కచోట చేరుట మాత్ర మెల్లప్పుడును కావలెను. మూడు బుట్టలకై రైలు నిలువదు, నిలుపుమని యడుగుటకు మనకును నోరు రాదు.

ఇందు మన పాలు మనము చేయవలయును. తోటలను పూతమీదనే గుత్త కిచ్చివేసిన సభ్యులు ఈ విషయమున చేయగలిగినది కొంచెమే. తామే కాయ కోయించు సభ్యులు మాఘమాసమున పిందె నిలువగానే తమ చెట్ల సంఖ్యను, రకమును, రాగల కాయ యంచనాను సంఘకార్యాలయమున వ్రాయింపుడు. ఆ లెక్క చేతబట్టుకొనియే మేము బెజవాడ డివిజను అధికారుల దర్శనమునకు పోదుము.