సంపాదకుని మాట: బొమ్మ అక్కడే ఎందుకు?



తెర మీద యుద్ధం రెప్పపాటులో మారిపోతుంది. దాన్ని చిన్న బొమ్మలతో నమూనాగా చేసేవారికి ఆ వెసులుబాటు లేదు. ఒకే క్షణాన్ని ఎంచుకుని, అప్పుడు ఎవరెక్కడ ఉన్నారో తేల్చుకోవాలి. గ్రాఫిక్స్ హోరెత్తుతున్న ఈ రోజుల్లో ఆ క్రమశిక్షణ కోసమే ఈ సంచిక తెస్తున్నాం.

ఆ క్రమశిక్షణకు ఒక ఉదాహరణ: 1815 జూన్ 18 సాయంత్రం ఏడు గంటల వేళ వాటర్లూ యుద్ధాన్ని చూపాలనుకున్న బ్రిటిష్ అధికారి విలియం సైబోర్న్, రణభూమిలోనే నెలల తరబడి మకాం వేసి నేల కొలిచాడు. పోరాడిన అధికారులకు ఉత్తరాలు రాసి వారి దళం ఎక్కడుందో, చుట్టూ ఏ పంట ఉందో అడిగాడు. 1838లో లండన్‌లో ప్రదర్శించిన ఆ నమూనాలో డెబ్బై వేలకు పైగా బొమ్మలున్నాయి. బ్రిటిష్ మిత్రపక్షమైన ప్రష్యన్ సేన స్థానంపై వివాదం రేగి, తర్వాత వేల బొమ్మలను తీసేయాల్సి వచ్చింది. నేడది లండన్ నేషనల్ ఆర్మీ మ్యూజియంలో ఉంది.

రంగులు, మట్టి, జిగురు గురించి లోపలి పేజీల్లో చాలానే ఉంది. అన్నిటినీ కలిపే ప్రశ్న ఒక్కటే: బొమ్మను అక్కడే ఎందుకు నిలబెట్టాం? 1757 నాటి బొబ్బిలి కోటను బల్ల మీద కట్టాలనుకునే మనవాళ్లకూ అదే పరీక్ష. చదవండి, చేసి చూడండి, మాతో వాదించండి.