చిటికెడు ఉప్పు వెనక కథ

మొన్న పప్పులో ఉప్పు వేస్తూంటే తొమ్మిదో క్లాసు చదివే మా అమ్మాయి వచ్చి అడిగింది. "అమ్మా, సోడియం ముక్క నీళ్ళల్లో పడితే భగ్గుమంటుందిట. క్లోరిన్ పీలిస్తే ప్రాణానికే ముప్పుట. ఆ రెండూ కలిసిందే ఉప్పుట! మరి మనం రోజూ ఎలా తింటున్నాం?"

మీ పిల్లలూ ఎప్పుడో ఒకప్పుడు అడుగుతారు. "పోయి చదువుకో" అని కసురుకోకండి. పెళ్ళిళ్ళలో బంతిభోజనాలు చూసినవాళ్ళం, మనకి ఇది తేలిగ్గానే అర్థమవుతుంది.

ఏ వస్తువైనా పరమాణువులతో తయారైందే. పరమాణువు నడుమ ప్లస్ విద్యుత్తు ఉన్న ప్రోటాన్లుంటాయి. వాటి చుట్టూ సరిగ్గా అన్నే ఎలక్ట్రాన్లు, మైనస్ విద్యుత్తుతో, బంతులు తీరి ఉంటాయి. మొదటి బంతిలో 2 విస్తళ్ళే. రెండోదాంట్లో 8. సోడియం, క్లోరిన్ లాంటివాటికి ఆఖరి బంతిలో 8 నిండితేనే నిశ్చింత.

సోడియానికి 11 ఎలక్ట్రాన్లు. మొదటి రెండు బంతులూ నిండగా మూడోదాంట్లో ఒక్కటే మిగులుతుంది. క్లోరిన్‌కి 17. దాని ఆఖరి బంతిలో 7 ఉండి, ఒక్క విస్తరి ఖాళీ. రెండూ ఎదురుపడగానే సోడియం దగ్గరున్న ఆ ఒంటరి ఎలక్ట్రాన్ లేచివెళ్ళి క్లోరిన్ బంతిలో కూర్చుంటుంది. అంతే! సోడియంలో ప్రోటాన్లు 11, ఎలక్ట్రాన్లు 10 అయ్యాయి. ఒక ప్లస్ ఎక్కువైంది. క్లోరిన్‌కి ఒక మైనస్ ఎక్కువైంది. ఇలా విద్యుత్తు వచ్చిన పరమాణువునే అయాను అంటారు. సోడియం భగ్గుమనేది ఆ ఒంటరి ఎలక్ట్రాన్‌ని వదిలించుకునే తొందరలోనే. అది వెళ్ళిపోయాక ఇక గొడవేముంది? ప్లస్, మైనస్ అయాన్లు ఒకదాన్నొకటి పట్టుకుని ఉప్పు పలుకులవుతాయి. నీళ్ళల్లో వేస్తే మళ్ళీ విడివడి తిరుగుతాయి.

ఇదంతా మనకెందుకంటారా? పిల్లలకి నీళ్ళ విరేచనాలైనప్పుడు ఒంట్లోంచి నీళ్ళతోపాటు ఈ అయాన్లూ పోతాయి. ఒట్టి నీళ్ళు పడితే చాలదు. పేగుల్లో సోడియం అయాను, గ్లూకోజు జంటగా లోపలికి వెళ్తాయి, వాటి వెంట నీళ్ళూ వెళ్తాయి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం వల్ల తరలివచ్చిన కాందిశీకుల్లో కలరా వ్యాపించింది. పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శిబిరంలో సెలైన్ చాలలేదు. అప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, వంటసోడా, గ్లూకోజు కలిపిన నీళ్ళు తాగించారు. నూటికి 30 దాకా ఉన్న చావులు 4 లోపుకి తగ్గాయి.

అందుకే ఇంట్లో ఎప్పుడూ ఓఆర్ఎస్ పాకెట్ ఉంచుకోండి. దానిమీద ఎన్ని నీళ్ళని రాసుంటే సరిగ్గా అన్నే కొలిచి, పాకెట్ మొత్తం ఒకేసారి కలపండి. పాకెట్ దొరకని వేళ, కాచి చల్లార్చిన 1 లీటరు నీళ్ళల్లో 6 టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ ఉప్పు వెయ్యండి. స్పూను పొంగుగా కాదు, అంచుకి సమంగా ఉండాలి. "ఇంకొంచెం వేస్తే ఇంకా మంచిది" అనుకోకండి సుమా! సోడియం అయాన్లు ఎక్కువైతే ఒంట్లో కణాల్లోని నీళ్ళని బయటికి లాగేస్తాయి. ఫిట్స్ రావచ్చు. కలిపిన నీళ్ళు 24 గంటలు దాటితే పారబొయ్యండి. కొంచెంకొంచెంగా తాగిస్తూ ఉండండి. తల్లిపాలు మానిపించకండి. కళ్ళు లోపలికి పోయినా, బిడ్డ మగతగా ఉన్నా, ఉచ్చ పోయకపోయినా, మలంలో రక్తం కనిపించినా, వెంటనే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాల్సిందే. మరీ చంటిపిల్లలైతే ఇవేవీ కనిపించేదాకా ఆగకండి.

చూశారా, పప్పుకి రుచినిచ్చే చిటికెడు ఉప్పే కొలత తెలిసి వాడితే ప్రాణం నిలబెడుతుంది! చింతపండు తోమితే ఇత్తడి బిందె ఎందుకు తళతళలాడుతుందో వచ్చేవారం చెప్పుకుందాం.