పేరు దాచడమే హయా అవుతుందా?



షాదీల కాలంలో నారాయణగూడ, చిక్కడపల్లి ప్రాంతాలలోని మన ఇళ్లకు వచ్చే దావత్ కార్డులను గమనించండి. వరుని పేరు, చదువు, ఉద్యోగం అన్నీ ఉంటాయి. కొన్ని కార్డులలో వధువు పేరు మాత్రం కనిపించదు. ‘ఫలానా సాహెబు గారి కుమార్తె’ అని ఉంటుంది. ఇదే హయా అని కొందరు పెద్దల నమ్మకం.

ఈ ఆచారం ఎందరి శ్రమను కప్పివేసిందో చూడండి. పాట్నాకు చెందిన రషీదున్నిసా 1881లో ‘ఇస్లాహున్నిసా’ అనే ఉర్దూ నవల రచించారు. ముస్లిం కుటుంబాలలోని దురాచారాలను రూపుమాపాలన్నదే ఆమె సంకల్పం. ఆ గ్రంథం 1894లో గాని అచ్చుకాలేదు. అప్పుడైనా రచయిత్రి లోకానికి ఫలానా వారి కుమార్తెగా, ఫలానా వారి తల్లిగానే పరిచయమయ్యారు. ధర్మసంస్కరణకు కలం పట్టిన స్త్రీకే తన పుస్తకంపై తన పేరు దక్కలేదు!

తెలుగునాట భండారు అచ్చమాంబ (1874–1905) ఈ లోపాన్ని గ్రహించారు. బడికి వెళ్లే భాగ్యం లేకున్నా, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు ప్రోత్సాహంతో చదువు నేర్చి, 1901లో ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ను వెలువరించారు. మరుగున పడిన స్త్రీల చరిత్రలను పేరుపేరునా సేకరించిన గ్రంథమది. మన హైదరాబాదులో సుగ్రా హుమాయూన్ మీర్జా తన పేరుతోనే రచనలు చేశారు, పత్రిక నడిపారు. ఆమె కలంపేరు ‘హయా’ కావడం గమనార్హం.

ఇక ధర్మం వైపు చూద్దాం. దివ్య ఖుర్ఆన్‌లో 19వ సూరా పేరు ‘మర్యమ్’. హజ్రత్ ఆయిషా (రజి) ద్వారా 2,210 హదీసులు మనకు అందాయి. హిజ్రీ అయిదో శతాబ్దంలో కరీమా మర్వజియ్యా మక్కాలో సహీహ్ బుఖారీని బోధించగా, గొప్ప పండితులు ఆమె వద్ద విన్నారు. ఉల్లేఖకుల పరంపరలో ఒక్క పేరు తెలియకపోయినా పండితులు ఆ హదీసును అంత సులభంగా స్వీకరించరు. స్త్రీల పేర్లను దాచి ఉంటే మన ధర్మవిజ్ఞానంలో ఎంత భాగం మనకు దక్కేది?

నికాహ్‌నే తీసుకోండి. వధువు పేరు చెప్పి, ఆమె సమ్మతి పొంది, సాక్షుల ఎదుట ఆ పేరుతోనే నికాహ్ జరిపిస్తాము. మజ్లిస్‌లో బిగ్గరగా పలికిన పేరు కార్డు మీద ఉంటే తప్పేమిటి? పర్దా అలంకరణకు, దేహానికి సంబంధించినది. పేరు అల్లాహ్ ప్రసాదించిన సంతానానికి మనం ఇచ్చే తొలి కానుక. మంచి పేరు పెట్టడం తల్లిదండ్రుల బాధ్యత. ప్రేమతో పెట్టిన పేరును పెళ్లినాడు దాచడం ఏపాటి న్యాయం?

కనుక ఈసారి కార్డు అచ్చు వేయించేటప్పుడు మీ అమ్మాయిని అడగండి. ఆమె సరేనంటే ఆమె పేరు నిండుగా వేయించండి. అల్లాహ్ మన కుమార్తెలకు ప్రయోజనకరమైన జ్ఞానాన్ని, గౌరవాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.