తుపాను జాగ్రత్తల్లో కార్మికుడి లెక్క ఏది?



తుపాను అంటే కోస్తా వాళ్ళ కష్టమనీ, సముద్రానికి 400 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న కమలనగర్‌కు దానితో పనేమిటనీ మన మిల్లుల యజమానులు అంటూ ఉంటారు. మనలోనూ కొందరు తలలూపుతారు. ఇది పాత లెక్క. 2020 అక్టోబరు 13 ఉదయం కాకినాడ దగ్గర తీరం దాటిన తీవ్ర వాయుగుండం ఆ రాత్రికి హైదరాబాదును ముంచింది. అక్కడ ఆగలేదు. మన ఉత్తర కర్ణాటక మీదుగా మహారాష్ట్రకు పోయింది. పక్కనున్న కలబురగి జిల్లాలో భీమా ఒడ్డు ఊళ్ళు నీట మునిగాయి. మరుసటి ఏడే, 2021 సెప్టెంబరు 26న, కళింగపట్నం దగ్గర తీరం దాటిన గులాబ్ తుపాను బలహీనపడి కూడా మరాఠ్వాడాను కుండపోతగా తడిపి మాంజ్రా ఆనకట్ట గేట్లు ఎత్తించింది. అదే అరేబియా సముద్రంలో దిగి షహీన్ పేరుతో మళ్ళీ తుపానై ఒమన్ దాకా వెళ్ళింది. ఇంత దూరం నడిచిన దానికి మన బీదర్ జిల్లా ఒక లెక్కా?

అయితే కోస్తాకూ మనకూ ఒక తేడా ఉంది. అక్కడ గాలీ నీళ్ళూ ఒకేసారి వస్తాయి. మనకు గాలి ఏప్రిల్, మే నెలల్లో వడగండ్లతో వచ్చి రేకులు లేపుతుంది. నీళ్ళు సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చి గోదాముల్లో చేరతాయి. అమెరికాలో హరికేన్ల కాలమని జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు తేదీలు పెట్టుకుని దుకాణాల అద్దాలకు చెక్కలు బిగించుకుంటారు. మనం పెట్టుకోవలసిన తేదీలు రెండు: కప్పు పని ఉగాదిలోపు, కాలువల పని వానలు ముదిరేలోపు.

యజమానులు అసలు సిద్ధపడడం లేదని మేము అనడం లేదు. సిద్ధపడుతున్నారు. అగ్ని ప్రమాద పాలసీలోనే తుపాను, వరద నష్టం కూడా కలిపి బీమా కడుతున్నారు. ఒక చోట 5 కోట్ల రూపాయల లోపు ఆస్తి ఉన్న చిన్న సంస్థలకు 2021 ఏప్రిల్ 1 నుంచి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే పాలసీ ఉంది. మన ఊరి పప్పు మిల్లుల్లో చాలా వాటికి అది సరిపోతుంది. కట్టవలసిందే. మిల్లు నిలబడితేనే మన పని నిలబడుతుంది. కానీ ఆ పాలసీ కాగితం తీసి చదవండి. గోడ ఉంది, కప్పు ఉంది, మోటారు ఉంది, కందుల నిల్వ ఉంది. మిల్లు మూతబడిన రోజుల్లో కూలి మాట లేదు. లాభనష్టాల పాలసీ అని వేరే ఒకటి ఉంది, అందులో వేతనాలు కూడా చేర్చుకోవచ్చు. ఆ సంగతి ఎంతమంది యజమానులకు తెలుసో, తెలిసినా ఎంతమంది అదనపు ప్రీమియం కడతారో పాఠకులే ఊహించుకోవచ్చు.

ఇక గాలివాన వెలిసిన తరువాత జరిగేది మనకు తెలిసిందే. సర్వేయరు వచ్చి చూసే దాకా తడిసిన సరుకు కదపకూడదంటారు. ఆయన వారానికి వస్తాడో, పది రోజులకు వస్తాడో. ఆ తరువాత మోటార్లు విప్పి ఆరబెట్టాలి, బేరింగులు మార్చాలి, కరెంటు వాళ్ళు రావాలి. యజమానికి ఆలస్యంగానైనా పరిహారం వస్తుంది. ఆ పది, పదిహేను రోజులు హమాలీ ఇంట్లో పొయ్యి ఎట్లా వెలగాలి? పప్పు ఏరే, ఎండబెట్టే ఆడకూలీలనైతే మొదటి రోజే రావద్దంటారు, చివరి రోజున పిలుస్తారు.

చట్టం ఏమంటుందో సూటిగా చెప్పుకుందాం. పాత పారిశ్రామిక వివాదాల చట్టంలో లే-ఆఫ్ కారణాల్లో ప్రకృతి వైపరీత్యం కూడా ఉండేది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉంది. లే-ఆఫ్ చేస్తే బేసిక్, కరువు భత్యం కలిపిన దానిలో 50 శాతం ఇవ్వాలి. వినడానికి బాగానే ఉంది. అయితే ఫ్యాక్టరీలో సగటున 50 మందికి తగ్గకుండా పనిచేస్తూ ఉండాలి, అది సీజను ఫ్యాక్టరీ కాకూడదు, కార్మికుడి పేరు మస్టరులో ఉండాలి, ఏడాది సర్వీసు నిండాలి, బదిలీ, దినకూలీ మనిషి కాకూడదు. ఇన్ని గడపలు దాటి లోపలికి పోయేవాడు మన పప్పు మిల్లుల్లో ఎవడు? ముకద్దం చేతి కింద ముప్పై మంది, ఇంకో కాంట్రాక్టరు కింద పదిహేను మంది, యజమాని పుస్తకంలో మాత్రం ఎనిమిది మంది. కాబట్టి చిన్న మిల్లుల్లో ఈ సగం కూలి చట్టం ద్వారా రాదు. ఒప్పందం ద్వారానే రావాలి. ఒప్పందం వాన రాకముందే రాయించుకోవాలి, వాన వచ్చాక మన మాట వినే తీరిక ఎవరికీ ఉండదు.

మస్టరులో పేరున్న వాళ్ళకు ఒక హెచ్చరిక. లే-ఆఫ్ రోజుల్లో రోజుకొక్కసారి పని వేళకు గేటు దగ్గర హాజరు వేయించుకోకపోతే ఆ సగం కూడా పోతుంది. "మిల్లు మూసి ఉంది కదా, పోయి ఏం చేస్తాం" అని ఊరికి వెళ్ళిపోయిన వాళ్ళు ఈ నిబంధన వల్లనే నష్టపోతారు. గేటు మూసి ఉన్నా వెళ్ళండి, వాచ్‌మన్ చేత అయినా రాయించుకోండి.

ఇప్పుడు కప్పు సంగతి. దీని మీద కొంచెం వివరంగా రాయక తప్పదు. గాలి రేకును పైనుంచి తొక్కుతుందని అందరూ అనుకుంటారు. నిజానికి కప్పు మీదుగా వేగంగా పోయే గాలి రేకును పైకి లాగుతుంది, అందులోనూ చూరు అంచుల్లో, మూలల్లో, నడిమి వెన్ను దగ్గర ఎక్కువగా లాగుతుంది. ఒక షట్టరు విరిగి గాలి లోపలికి దూరిందా, కింద నుంచి తోపు కూడా మొదలవుతుంది. గాలి వేగం రెండింతలైతే దాని బలం నాలుగింతలవుతుంది. అందుకే 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గంటకు 180 కిలోమీటర్ల గాలితో విశాఖపట్నం మీద పడినప్పుడు విమానాశ్రయం కప్పే ఆగలేదు, ఉక్కు కర్మాగారం కరెంటు పోయి ఆగిపోయింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస మీద పడితే జీడితోటలు కూలి, జీడిపప్పు ఒలిచి బతికే ఆడకూలీలకు పని లేకుండా పోయింది. మనకు అంత గాలి రాదు. కానీ తుప్పు పట్టిన హుక్ బోల్టుకు అంత గాలి అక్కరలేదు.

బోల్టులు మార్చడం, వాషర్లు వేయడం, అంచు వరుసలకు అదనంగా బిగింపులు పెట్టడం పెద్ద ఖర్చు కాదు. యజమానులు చేసేది వేరు. రేకుల మీద రాళ్ళు, ఇసుక సంచులు పెట్టిస్తారు. గాలికి రేకు లేస్తే ఆ రాయి ఎవరి నెత్తిన పడుతుందో దేవుడికే తెలియాలి. పైగా ఆ రాళ్ళు పెట్టడానికి ఎక్కించేది హమాలీలను, అదీ గాలి మొదలైన తరువాత. ఒక మిల్లులో, పేరు ఇక్కడ రాయబోము, ఇట్లాగే ఇద్దరిని ఎక్కించారు. ఆస్బెస్టాస్ రేకు మనిషి బరువు ఆగదు. ఒకతను రేకు విరిగి కింద పడి మడమ విరగగొట్టుకున్నాడు, మూడు నెలలు ఇంట్లో కూర్చున్నాడు. "నిన్ను ఎక్కమన్నది ఎవరు?" అన్నారు. కాంట్రాక్టరు మనిషికి పనిలో దెబ్బ తగిలితే అసలు యజమానినే పరిహారం అడిగే హక్కు 1923 చట్టంలో ఉండేది, ఇప్పటి సామాజిక భద్రత కోడ్‌లోనూ ఉంది. కానీ ఆ పని యజమాని వ్యాపారంలో భాగం అయి ఉండాలి. బస్తా మోయడం మిల్లు పని. కప్పు బాగుచేయడం మిల్లు పని కాదని వకీలు వాదించడానికి సందు దొరుకుతుంది. అందువల్ల మేము చెప్పేది ఒకటే: హమాలీ కప్పు ఎక్కకూడదు. కప్పు పని తెలిసిన మేస్త్రీ, తాడు కట్టుకుని, రేకుల మీద పలక పరచుకుని, పొడి వాతావరణంలో చేయాలి.

నీటి సంగతికి వస్తే, పప్పు మిల్లులో అన్నిటికన్నా పల్లంగా ఉండేది ఎలివేటరు గొయ్యి. మొదట నిండేదీ అదే. నీరు తోడేసిన తరువాత అడుగున మిగిలిన తడి కందులు, నూక పులిసి విషవాయువు ఊరుతుంది, ప్రాణవాయువు తగ్గిపోతుంది. పైనుంచి చూస్తే ఏమీ కనపడదు. దిగినవాడు స్పృహ తప్పుతాడు, వాణ్ణి తీయడానికి దిగిన రెండోవాడూ పడిపోతాడు. బావుల్లో, మురుగు గోతుల్లో ఇట్లాంటి చావులు మనం పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. గోతిలోకి గాలి బాగా కొట్టించకుండా, నడుముకు తాడు లేకుండా, పైన మనుషులు లేకుండా ఎవరూ దిగవద్దు. ఎంత తొందర పెట్టినా దిగవద్దు.

తడిసిన బస్తాల దగ్గర కూడా జాగ్రత్త. రాత్రి నానబెట్టిన కందులు తెల్లారేసరికి ఎంత ఉబ్బుతాయో ప్రతి ఇంట్లో తెలిసిందే. గోదాములో అడుగు వరస నానితే అదే ఉబ్బు గోడను తోస్తుంది, పై వరసలను ఒరగబెడుతుంది. అటువంటి వరస పక్కన నిలబడి కింది బస్తా లాగడం చావును పిలవడమే. పైనుంచి దించుకుంటూ రావాలి. 50 కిలోల బస్తా తడిస్తే 50 కిలోలు ఉండదు. కూలి మాత్రం పొడి బస్తా రేటే ఇస్తారు. తడి బస్తాకు వేరే రేటు కావాలని అడగడం అత్యాశ కాదు. వరసల కింద చెక్కలు వేసి నేలకు ఎత్తుగా పేర్చుకుంటే, మోటార్లూ స్టార్టర్లూ ప్యానెల్ బోర్డూ పాత నీటి గుర్తుకు పైన బిగించుకుంటే ఈ బాధ సగం తప్పుతుంది. మునిగిన మోటారును మెగ్గరుతో పరీక్షించకుండా స్విచ్చి వేయమని అంటే వేయవద్దు. కళ్ళంలో పప్పు ఎండబెట్టే వాళ్ళు ఉరుము వినపడగానే లోపలికి రావాలి. తార్పాలిన్ కప్పేదాకా ఆగండి అనే సూపర్‌వైజరు పిడుగును ఆపలేడు.

ముందు తెలియలేదని అనడానికి ఈ రోజుల్లో వీలు లేదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పది వేల మందికి పైగా చనిపోయారంటే, హెచ్చరిక అందక, అందినా వెళ్ళడానికి గట్టి కట్టడం లేక. ఆ తరువాత రాడార్లు వచ్చాయి, తుపాను షెల్టర్లు వచ్చాయి. వాతావరణ శాఖ ఇప్పుడు 72 గంటల ముందు మొదలుపెట్టి నాలుగు దశల్లో హెచ్చరిస్తుంది. నాలుగో దశ తీరం దాటడానికి కనీసం 12 గంటల ముందు వస్తుంది, తుపాను నేల మీదికి ఎక్కాక ఎటు పోతుందో, లోపలి జిల్లాల్లో ఏం జరుగుతుందో అందులో చెబుతారు. మనకు పనికివచ్చేది అదే, మనవాళ్ళు ఎవరూ చూడనిదీ అదే. 2025 అక్టోబరు 28న మొంథా కాకినాడ, నరసాపురం వైపు తీరం దాటిన మరునాడు వరంగల్, హనుమకొండ నీళ్ళలో ఉన్నాయి. తీరం దాటింది, ఇక భయం లేదు అనుకునే వాళ్ళు ఆ రెండు ఊళ్ళను గుర్తు పెట్టుకోవాలి.

ఫోనులో వచ్చే హెచ్చరిక కన్నడంలో ఉంటుంది, మిల్లు గుమస్తా మరాఠీలో మాట్లాడతాడు, సగం మంది హమాలీలు చదివితే తెలుగే చదువుతారు. అందుకని ఆరెంజ్, రెడ్ హెచ్చరిక వచ్చిన పూట గేటు దగ్గర బోర్డు మీద మూడు భాషల్లోనూ రాయాలి, చదవలేని వాళ్ళకు షిఫ్టు మొదట్లో నోటితో చెప్పాలి. దీనికి యజమానికి ఒక సుద్దముక్క ఖర్చు.

మన కోరికల పత్రంలో ఇవన్నీ చేరుస్తున్నాం: గాలివాన వల్ల మిల్లు ఆగిన ప్రతి రోజుకూ, ముకద్దం మనుషులతో సహా అందరికీ సగం కూలి, తడి బస్తాకు ఒకటిన్నర రేటు, కప్పు మీదికీ గోతిలోకీ హమాలీని పంపబోమని రాతపూర్వక హామీ, శుభ్రం చేసే రోజుల్లో ఆడకూలీలకు కూడా పని. ఒకటిన్నర రేటు దగ్గర బేరానికి మేము సిద్ధమే. హామీ దగ్గర మాత్రం బేరం లేదు.

వచ్చే నెల మొదటి ఆదివారం ఉదయం పది గంటలకు యూనియన్ ఆఫీసులో సర్వసభ్య సమావేశం. ప్రతి మిల్లు నుంచి కనీసం ఇద్దరు రావాలి, అందులో ఒకరు ఆడకూలీ అయి ఉండాలి. వచ్చేటప్పుడు మీ మిల్లులో రేకు ఎక్కడెక్కడ కారుతోందో, ఎలివేటరు గొయ్యి ఎంత లోతో, ప్యానెల్ బోర్డు నేలకు ఎన్ని అడుగుల ఎత్తులో ఉందో, మస్టరులో ఎందరి పేర్లున్నాయో, నిజంగా ఎందరు పనిచేస్తున్నారో ఒక కాగితం మీద రాసుకుని రండి. ఆ కాగితాలే పత్రానికి జతచేసి పంపుతాం.