మా పెద్దకూర ఏ పేజీల ఉంది?

అమెరికాల ఒక వంటకం ఉంది. పేరు మీట్‌లోఫ్. రెండు పౌండ్లు, అంటే మన లెక్కల సుమారు 900 గ్రాముల గొడ్డుకూర ఖైమా తీసుకుంటరు. దాంట్ల రెండు గుడ్లు కొడతరు. అంగట్ల అట్టపెట్టెల దొరికే ఎండు రొట్టెముక్కల మసాలా ఒక పెట్టె చింపి పోస్తరు. ఒక కప్పు నీళ్లు, అరకప్పు పుల్లతీపి సాసు కలుపుతరు. ఇటుక లెక్క ఒత్తి ఓవెన్‌ల గంటసేపు కాలుస్తరు. ముక్కలు కోసుకొని ఇంటిల్లిపాది తింటరు. పనినుంచి అలిసొచ్చిన తల్లులు చేసే సులువైన వంట ఇది. 'ఫ్యామిలీ డిన్నర్' అని గొప్పగ చెప్పుకుంటరు.

ఈ వంట సంగతి నేను మొదట విన్నది మా స్టాఫ్ రూంల. ఒక తోటి టీచరమ్మ కొడుకు డల్లాస్‌ల ఉంటడు. వారానికొకసారి చేసుకుంటడట, పెండ్లానికి కూడా తనే నేర్పిండట. ఆమె మురిసిపోయి చెప్తుంటే అందరు "అబ్బ, ఎంత సులువు" అన్నరు. నేను ఒక్క మాట అడిగిన: "ఖైమా దేనిది మేడం?" ఆమె కొంచెంసేపు ఊకున్నది. "చలి దేశం గదమ్మా, అక్కడి అలవాట్లు వేరు" అన్నది. నేను సోషల్ టీచర్ని. ఎండాకాలంల డల్లాస్ మన హైదరాబాద్‌కు తక్కువ కాకుండ కాగుతదని నాకెరుక. నేను తునకల కూర తెచ్చుకున్న రోజు తన డబ్బా పట్టుకొని పక్కగదికి లేచిపోయింది గూడ ఈ మేడమే.

ఒకప్పుడు సముద్రం దాటితే మనిషికి కులం పోతదన్నరు. ఇప్పుడు సముద్రం దాటితే గొడ్డుకూరకే కులం పోతున్నది. డల్లాస్‌ల అది ప్రొటీను. మా వాడల అది అంటు. అక్కడ కోసేదీ పశువునే, ఇక్కడ కోసేదీ పశువునే. మరి మారిందేంది? వండే చెయ్యి మారింది. గిన్నె ఎవరిదన్నది మారింది. రోత కూరల లేదు, చూసే కండ్లల్ల ఉంది.

మీట్‌లోఫ్ ఏమన్న రాజుల వంటనా? కాదు. కూర తక్కువ, నోళ్లు ఎక్కువ ఉన్న ఇండ్ల వంట. 1930లల మాంద్యం కాలంల పనులు పోయి, పైసలు లేక, కూరల రొట్టెపొడి, ఓట్సు కలిపి ఇంటికి సరిపెట్టిండ్రు. ఆ కరువు తిండిని వాళ్లు దాచుకోలేదు. 1972ల జనరల్ ఫుడ్స్ అనే కంపెనీ 'స్టవ్ టాప్' అనే పేరుతోని రొట్టెముక్కలు, ఎండు ఉల్లి, ఆకుమసాలాలు ఒక పెట్టెల పెట్టి అమ్మింది. దాని తయారీ వెనుక రూత్ సీమ్స్ అనే ఆడమనిషి తెలివి ఉంది. కోడిల కూరకుండనే పొయ్యి మీద చేసుకునేటందుకు వచ్చిన ఆ పెట్టె తర్వాత ఖైమాల కూడా చేరింది. పేదల ఉపాయం దేశం వంటయింది.

అమెరికాను మెచ్చుకోమని నేను చెప్తలేను. అక్కడ గూడ యజమానులు పారేసిన పేగులు, కాళ్లు, తలకాయలు నల్లజాతి బానిసల పాలయినయి. వాటినే కమ్మగ వండుకొని, 1960లల్ల దానికి 'సోల్ ఫుడ్' అని పేరు పెట్టుకొని తలెత్తుకున్నరు నల్లవాళ్లు. పెట్టె అంగట్లకొచ్చిన ఆ 1972లనే బొంబాయిల దళిత్ పాంథర్స్ పుట్టింది, నల్లవాళ్ల బ్లాక్ పాంథర్స్ పేరును తలుచుకొని. పోరాటం పేరు తెచ్చుకున్నం. తిండికి మాత్రం పేరు పెట్టుకోలేకపోయినం.

ఇప్పుడు మా యవ్వ లెక్క చెప్త. మా ఇంట్ల ఎనిమిది నోళ్లు. వాడల నలుగురు కలిసి ముసలి దున్నను కొని తెల్లారగట్ల కోసి టేకాకుల మీద పోగులు పెట్టేది. మా బాపు ఒక పోగు తెచ్చేది. పైసలు కూలి వచ్చినంక. ఆ పోగుతోని ఎనిమిది మందికి ఎన్ని పూటలు? అవ్వ చదువుకోలేదు గని ఈ లెక్క ఆమెకు నోటికొచ్చు. మొదటి రోజు బొక్కలల్ల సోరకాయ. నెత్తురుతోని ఉల్లిగడ్డలేసి నల్ల. బోటి ఉడుకునీళ్లల్ల గీకి గీకి కడిగి మర్నాటికి. కొవ్వు కరిగించి నూనెకు బదులు దాచేది. మిగిలిన మెత్తటి కూరను పొడుగు పొడుగు కోసి, ఉప్పు పసుపు పట్టించి, దండెం మీద ఎండేసి తునకలు చేసేది. వానకాలం కూలి దొరకని రోజుల్ల పుంటికూరల గుప్పెడు తునకలేస్తే ఇల్లంత గట్క తినేది.

వాళ్ల రొట్టెపొడి చేసే పని, మా సోరకాయ చేసే పని ఒకటే. రొట్టె కూర రసాన్ని పీల్చుకొని ముద్దను పెంచుతది. సోరకాయ పులుసును పీల్చుకొని తనే కూరయితది. ముక్క దొరకని పిల్లకు సోరకాయల ముక్క రుచి దొరుకుతది. ఇది విద్య కాదా? దీనికి ఏ కంపెనీ పెట్టె చేసింది? మా ఊరి కిరాణా కొట్టుల చికెన్ మసాలా ఉంది, మటన్ మసాలా ఉంది, చేపల మసాలా ఉంది. పెద్దకూరకు పెట్టె లేదు. మటన్ బొమ్మ ఉన్న పెట్టె కొని పెద్దకూరల వేసుకుంటం. ఆదివారం అనుబంధాలల్ల వంటల పేజీలు చూడండి. గుత్తివంకాయ, పులిహోర, కోడివేపుడు, ఇప్పుడు పాస్తా, పిజ్జా కూడా. ఇటలీ తిండికి జాగ దొరికింది గని ఊరవతలి తిండికి దొరకలేదు. తెలుగువాళ్ల వంటలు అంటరు. మేం తెలుగు మాట్లాడుతలేమా?

కేంద్ర ప్రభుత్వం 2014 నమూనా నమోదు సర్వేల, తెలంగాణల 15 ఏండ్లు దాటినోళ్లల్ల నూటికి 98 మందికి పైగా మాంసం తినేటోళ్లే అని తేలింది. ఆ రెండు మంది తిండి మాత్రమే శుద్ధం ఎట్లయింది? తొంభై ఎనిమిది మంది సభలల్ల, బడులల్ల, అద్దె ఇండ్లల్ల ఎందుకు సంజాయిషీ ఇచ్చుకోవాలె?

నా బిడ్డ నాలుగో తరగతి. బడిల 'ఆదివారం మా ఇంట్లో' అని వ్యాసం రాయమన్నరు. "మా అమ్మమ్మ పెద్దకూర వండింది, నేను రెండుసార్లు వేసుకున్న" అని రాసింది. టీచర్ ఎర్రపెన్నుతోని 'పెద్దకూర' కొట్టేసి పైన 'చికెన్' అని దిద్దింది. నేను పోయి అడిగితే "అందరు చదువుతరు గదా మేడం, పాపకే ఇబ్బంది" అన్నది. నేనూ ఎర్రపెన్ను పట్టేదాన్నే. అక్షరం తప్పుంటే దిద్దుత, వాక్యం తప్పుంటే దిద్దుత. నా బిడ్డ వాక్యంల ఏ తప్పూ లేదు. దిద్దింది భాషను కాదు, మా ఇంటిని. ఎనిమిదేండ్ల పిల్లకు ఆ రోజు బడి నేర్పిన పాఠం ఒక్కటే: నిజం రాస్తే మార్కులు పోతయి.

ఇది ఎర్రగీత దగ్గర ఆగుతదా? ఆగదు. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియాల విద్యార్థులు పెద్దకూర పండుగ చేసుకుంటే దాడులు జరిగినయి. 2015 సెప్టెంబర్ 28న ఉత్తరప్రదేశ్‌ల దాద్రీ దగ్గర ఇంట్ల ఆవు కూర ఉందన్న పుకారు మీద మహమ్మద్ అఖ్లాక్‌ను కొట్టి చంపిండ్రు. 2016 జూలైల గుజరాత్‌ల ఊనాల, ఆగస్టుల మన కోనసీమ అమలాపురంల, చచ్చిన ఆవు తోలు తీసినందుకు మనోళ్లను కట్టేసి కొట్టిండ్రు. తోలు తియ్యకపోతే ఊరు కంపు, తీస్తే వీపు చీలికలు. ఎర్రపెన్నుతోని మొదలైన గీత అక్కడిదాక పోతది.

చట్టం చట్టం అంటరు. 1977ల వచ్చిన ఆంధ్రప్రదేశ్ గోవధ నిషేధ, పశు సంరక్షణ చట్టం ఆవును కోయొద్దన్నది. పనికిరాని దున్నను, ఎద్దును సర్టిఫికెట్‌తోని కోయనిచ్చింది. అదే దేశం బర్రెకూరను ఓడలకెత్తి అమ్ముకునే పెద్ద దేశాలల్ల ఒకటి. ఎగుమతి అయితే డాలరు, ఎస్సీ కాలనీల పొయ్యి మీదికెక్కితే నేరమా?

ఇంకో వాదన మనోళ్లే తెస్తరు: "అంబేద్కరే మానమన్నడు గదా?" 1927ల మహద్ సభల బాబాసాహెబ్ మానమన్నది చచ్చిన గొడ్డును, ఊరోళ్లు పారేసిన ఎంగిలిని. అది బానిసతనపు తిండి కాబట్టి మానమన్నడు. కష్టం చేసి కొనుక్కున్న కూర గురించి కాదు. 1948ల 'ది అన్‌టచబుల్స్' పుస్తకంల ఆయన ఇంకా లోతుకు పోయిండు. గొడ్డుమాంసం ఒకప్పుడు బ్రాహ్మణులూ తిన్నరని, బౌద్ధంతోని పోటీల వాళ్లు మానుకున్నరని, మానని పేదలను అంటరానోళ్లను చేసిండ్రని వాదించిండు. అంటే మన గిన్నెల మన చరిత్ర ఉంది. ఆ గిన్నె కడిగి బోర్లించమని ఆయన చెప్పలేదు.

అందుకే నా కోపం పక్కగదికి పోయిన మేడం మీద కన్నా మా ఉద్యోగస్తుల మీద ఎక్కువ. నౌకరొచ్చి టౌన్‌ల ఇల్లు కట్టంగనే "మేం మానేసినం" అని అడగకముందే చెప్పేటోళ్లున్నరు. ఇష్టం లేక మానితే మానండి, ఎవరు బలవంతం చేస్తరు? గని భయపడి మాని దాన్ని సంస్కారమని పిలవకండి. కిటికీలు మూసి, అగరొత్తులు ముట్టించి వండుకునేటోళ్లారా, మీ రిజర్వేషన్ సర్టిఫికెట్ల కులం రాసుకున్నరు, కూరగిన్నె మీద మాత్రం దాస్తరా? మీరు దాచిన కొద్దీ, దాచలేని మన వాడ ఆడోళ్లు ఒంటరిగ దెబ్బలు తింటరు.

ఆడోళ్లంటే యాదికొచ్చింది. మన కవులు పెద్దకూర మీద ఉద్యమ పాటలు కడతరు, మంచిదే. ఆ బోటి ఎవరు కడిగిండ్రు? అమెరికా తల్లికి పెట్టె చింపే సులువన్న దొరికింది. మా యవ్వకు పొయ్యి ఊది ఊది కండ్లు పోయినయి. ఆత్మగౌరవం తినే పళ్లెంలనే కాదు, కడిగే చేతులల్ల గూడ ఉండాలె. మొగోళ్లు కూడా కత్తిపీట ముందల కూసోవాలె.

ఇగో, ఏ పేజీ వేయని వంట ఇక్కడ రాస్తున్న. ఆరుగురికి అరకిలో పెద్దకూర చిన్నముక్కలు. రెండు ఉల్లిగడ్డలు నూనెల ఎర్రగ ఏంచి, అల్లం ఎల్లిపాయ ముద్ద, పసుపు, ఉప్పు, కారం వేసి కూర కలపండి. రెండు గ్లాసుల నీళ్లు పోసి కుక్కర్‌ల ఏడెనిమిది విజిల్లు రానియ్యండి. ముదురుకూరయితే ఇంకో నాలుగు. ఆవిరి పోయినంక మూత తీసి అరకిలో లేత సోరకాయ ముక్కలు, కొంచెం చింతపులుసు వేసి పావుగంట సన్నమంట మీద ఉంచండి. ధనియాల పొడి, కొత్తిమీర వేసి దించండి. జొన్నరొట్టెల్లకు మంచిగుంటది. ఇది గూడ ఫ్యామిలీ డిన్నరే. కిటికీలు తెరిచి వండండి.

మరాఠ్వాడ దళితుల వంటలను శాహు పటోళే 2015ల మరాఠీ పుస్తకంగ తెచ్చిండు. మనం గూడ రాయాలె. తమ్ముళ్లారా, చెల్లెండ్లారా, సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ అవ్వల పక్కన కూసొని అడగండి. తునకలు ఎన్ని రోజులు ఎండాలె, నల్లల ఉప్పు ఎప్పుడెయ్యాలె, బోటి వాసన దేనితో పోతది, అన్నీ రాసుకోండి. పేర్లు మార్చకుండ రాయండి. నా క్లాసుల ఈ ఏడు 'మా ఇంటి కూర' అని వ్యాసం పెట్టిన. పందికూర అని రాసినోళ్లున్నరు, ఎలుకల కూర అని రాసినోళ్లున్నరు, పప్పుచారు అని రాసినోళ్లున్నరు. అక్షరదోషాలు దిద్దిన. కూరల పేర్లు ఉన్నవి ఉన్నట్టే ఉంచి గోడపత్రికకు ఎక్కించిన.