ఇసుక దారిలో ట్రాక్టరు: పెద్ద టైర్లు కొనుటకు ముందు

వేసవిలో గోదావరి సన్నగిల్లగానే లంకలకు ఇసుక దారులు తేలును. అంతవరకు పడవలు, పంట్లు చేసిన పని ట్రాక్టర్లకు వచ్చును. విత్తనము, ఎరువు లంకలోనికి పోవలెనన్నను, అరటి గెలలు, కూరగాయలు, పొగాకు గట్టుకు చేరవలెనన్నను ఇసుక తిన్నెల మీదుగా బండి నడువక తప్పదు. ఇందుకొరకే రైతులు పలువురు నాలుగు చక్రములకును ఇంజను బలము అందెడి ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టర్లు కొనుచున్నారు. కొన్నవారిలో చాలమంది నన్నడుగు ప్రశ్న ఒక్కటే: "ఇంకో సైజు పెద్ద టైర్లు వేయిస్తే ఇసకలో దిగబడదంటారాండీ?"

పెద్ద టైరు మంచిదే. కాని అది ఆఖరున పెట్టవలసిన ఖర్చు, మొదట పెట్టవలసినది కాదు. ఈ నా అభిప్రాయమునకు గల కారణములను పాఠకుల ముందుంచుచున్నాను.

గడచిన వేసవిలో కోనసీమలోని ఒక లంక రేవున, అరటి గెలల ట్రక్కుతో ఒక ట్రాక్టరు ఇరుసు వరకు కూరుకొనియుండుట చూచితిని. డ్రైవరు ఇంజను వేగము పెంచిన కొలది చక్రములు ఉన్నచోటనే తిరిగి గొయ్యి త్రవ్వుకొనుచుండెను. యజమాని అప్పుచేసియైనను పెద్ద టైర్లు వేయింప నిశ్చయించుకొనియుండెను. గాలి కొలిచి చూడగా వెనుక టైర్లలో 24 పౌనులున్నది. అది రోడ్డు మీద ఇటుక తోలుటకు పట్టించిన గాలి. ట్రక్కును విడదీసి, సగము గెలలు దింపించి, టైర్ల గాలిని 12 పౌనులకు తగ్గించి, చక్రముల ముందు కొబ్బరి మట్టలు పరపించితిమి. ట్రాక్టరు తన బలముతోనే బయటకు వచ్చినది. ఆ రైతు టైర్లు కొనలేదు. గాలి కొలిచెడి మీటరు కొనెను.

ఇందలి సూత్రము కష్టమైనది కాదు. టైరు నేలను నొక్కెడి ఒత్తిడి ఇంచుమించు టైరులోని గాలి ఒత్తిడికి సమానముగా నుండును. ఒక చక్రము మీద 1,000 కిలోల బరువు, అనగా సుమారు 2,200 పౌనులు, పడుచున్నదనుకొనుడు. చదరపు అంగుళమునకు 24 పౌనుల గాలి ఉన్నచో ఆ బరువును మోయుటకు 92 చదరపు అంగుళముల నేల చాలును; 12 పౌనులున్నచో 184 చదరపు అంగుళముల మీద టైరు పరచుకొనును. టైరు గోడల బిగువు వలన ఈ లెక్క కొంత మారునే గాని, పైసా ఖర్చు లేకుండ ఆనెడి స్థలము రెట్టింపునకు దగ్గరగా పెరుగుట నిజము. కొత్త పెద్ద టైరు వేసి అందులోను 24 పౌనులే ఉంచినచో ఈ లాభము దక్కదు. ఇనుప పట్టా బండి దిగబడిన చోట టైరు బండి సాగిపోవుటను మన పెద్దలు ఎరుగుదురు.

ఇది ఇతర దేశములలోను పరీక్షకు నిలిచిన సంగతియే. అమెరికాలో 1932లో ఇనుప చక్రములకు బదులు ట్రాక్టరుకు మొదట గాలి టైర్లు తొడిగినపుడు, విమానపు టైర్లను తెచ్చి తక్కువ గాలితో నడపిరి. ఆ కాలముననే లిబియా ఎడారిని ఫోర్డు కార్లలో దాటిన బాగ్నాల్డ్ అను ఆంగ్ల సైనికాధికారి, మెత్తని ఇసుక వచ్చినపుడు టైర్లలో గాలి తీసి ముందుకు సాగెడివాడు.

వరిచేనిలో చూచినదానిని బట్టి ఇసుకను అంచనా వేయరాదు. తడిసిన బంకమట్టిలో చక్రమునకు పట్టు జిగట వలన వచ్చును. కావున ఆనెడి స్థలము పెరిగిన కొలది పట్టు పెరుగును. పొడి ఇసుకకు జిగట లేదు. రేణువుల రాపిడియే పట్టు, అది పైనున్న బరువును అనుసరించును. అందుచేత ఇసుకలో టైరు వ్యాపించుట వలన కలుగు ముఖ్య లాభము దిగబడుట తగ్గుటయే. గాలి తగ్గించిన టైరు ముందు వెనుకలకు పొడవుగా ఆనును, ఇది మేలు. మరీ వెడల్పైన టైరు తన ముందు ఇసుకను గుట్టగా త్రోసికొనుచు బలము వృథా చేయును. వరి దమ్ము కొరకు చేసిన ఎత్తైన పళ్ళ టైరు, చక్రము జారిన మరుక్షణమే పారవలె ఇసుకను త్రవ్వును.

ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టరుకు మరియొక చిక్కు కలదు. ముందు చక్రములు చిన్నవి, వెనుకవి పెద్దవి. ముందు చక్రములు నూటికి 1 నుండి 5 వంతులు అధికముగా లాగునట్లు గేర్ల పళ్ళు కుదిర్చియుందురు. వెనుక 13.6-28 టైర్లు గల ట్రాక్టరును తీసికొందము. ఇందు మొదటి అంకె టైరు వెడల్పు, రెండవది రిమ్ము అడ్డకొలత, రెండును అంగుళములలో. దీనికి బదులు 14.9-28 వేసినచో చక్రపు ఎత్తు సుమారు 2 అంగుళములు, అనగా నూటికి 4 వంతులు పెరుగును. ముందు టైర్లను మార్చనిచో వాటి ఆధిక్యము కరగిపోవును. అవి లాగుటకు మారుగా బ్రేకువలె పట్టుకొనును. ఇసుకలో ఇది తెలియదు. గట్టి రోడ్డెక్కినపుడు గేర్లు, ఇరుసులు అరిగిపోవును. పైగా ఎత్తు పెరిగిన మేరకు ప్రతి గేరులోను వేగము పెరిగి లాగుబలము తగ్గును.

ఈ పొందికను రైతు తానే పరీక్షింపవచ్చును. టైర్లకు సుద్దతో గుర్తు పెట్టి, చదునైన మట్టి బాట మీద, ఫోర్ వీల్ లీవరు తీసివేసి, వెనుక చక్రము 10 చుట్లు తిరుగులోపల ముందు చక్రము ఎన్ని చుట్లు తిరిగెనో లెక్కింపుడు. తరువాత లీవరు వేసి అట్లే లెక్కింపుడు. మొదట 14, రెండవసారి 14న్నర వచ్చినచో పొందిక సరిగానున్నది. రెండవ లెక్క మొదటి దానికంటె తగ్గినచో ఆ టైర్ల జత ఆ ట్రాక్టరుకు తగదు.

ఇక ట్రక్కు మాట. నేను చూచినంతవరకు ఇసుకలో ముందు దిగబడునది ట్రక్కే. దాని టైర్లు చిన్నవి, సన్ననివి. గాలి మాత్రము నిండుగా నుండును. అది నాగలివలె ఇసుకలో దిగి ట్రాక్టరును వెనుకకు పట్టును. కావున లంక దారిలో సగము బరువుతో రెండుసార్లు తోలుట, నిండు బరువుతో ఒకసారి తోలి ఇరుకున పడుటకంటె చౌక. డీజిలు అదనముగా ఖర్చగును, నిజమే. కాని గేరుపెట్టె బాగుచేయించు ఖర్చుతో అది పోల్చదగినది కాదు.

గాలి తగ్గించుటకును హద్దు కలదు. టైరు కంపెనీ పట్టికలో ఆ బరువునకు చెప్పిన కనీసపు గాలికి దిగువకు పోరాదు. పోయినచో టైరులోపల రిమ్ము తిరిగి ట్యూబు వాల్వు తెగును. రోడ్డెక్కునపుడు గాలి తిరిగి పట్టవలెను, ఫోర్ వీల్ లీవరు తీయవలెను. తక్కువ గాలితో రోడ్డు మీద వేగముగా తోలినచో టైరు గోడలు వేడెక్కి చిట్లును. బ్యాటరీతో నడచు చిన్న గాలి పంపు, మీటరు ట్రాక్టరుతోపాటు ఉంచుకొనుట మంచిది.

ఇన్ని చేసినను చాలనప్పుడు, సేద్యమంతయు లంకలోనే యుండి నిత్యము ఇసుకలో నడుపువారు పెద్ద టైర్లు వేయించుకొనవచ్చును. అప్పుడు ట్రాక్టరు కంపెనీ అంగీకరించిన జతలో నాలుగును మార్చవలెను. రిమ్ము వెడల్పు సరిపోవునా, పూర్తిగా మలుపు త్రిప్పినపుడు ముందు టైరు దేనికైనను రాచుకొనునా అని ముందే చూచుకొనవలెను. వేసిన పిదప అందు నీరు నింపి బరువు పెంచినచో, ఇసుకలో తోలుటకు కొన్న లాభము పోయినట్లే.

గ్రామాధికారులకొక మనవి. ప్రతి రైతు వేలు పోసి టైర్లు మార్చుటకంటె, రేవు బాటలో మెత్తని నాలుగు బారల మేర కొబ్బరి మట్టలు, వరిగడ్డి పరపించి, అవి నలిగినపుడెల్ల మార్పించుట ఊరంతటికి ఉపకారము. బండ్లు ఒకే బాటన దిగి ఎక్కునట్లు చేసినచో ఏటిగట్టును కాపాడినట్లును అగును.

2022 జూలైలో ధవళేశ్వరము వద్ద 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద సాగినది. లంకలు మునిగినవి. ఎర్రనీరు వచ్చుచున్నదని తెలిసిన పూట, పంటను, పశువులను, మనుషులను గట్టుకు చేర్చునపుడు ట్రాక్టరు ఇసుకలో కూరుకొన్నచో మరల ప్రయత్నించుటకు వ్యవధి ఉండదు. అందుచేత ఈ వేసవిలోనే, నీరు లేనపుడే, మీ ట్రాక్టరు ఎంత గాలితో, ఎంత బరువుతో ఆ దారిని దాటునో పరీక్షించి, ఆ రెండంకెలను మడ్‌గార్డు మీద వ్రాసియుంచుడు. ఆ పిదపనే టైర్ల దుకాణమునకు పోవుటను గూర్చి ఆలోచింపుడు.